మాస్టారి ఖాళీ పీరియడు

లెక్కల మాస్టారికి తన తెలివితేటల మీద నమ్మకం పోయి చాలాకాలమైంది గానీ, తాను వేసే టైంటేబుల్ మీద మాత్రం ఇంకా పోలేదు. ఇదివరకు స్టాఫ్‌రూమ్ గోడకి అట్ట తగిలించి, పెన్సిలుతో రాసి, చెరిపి, మళ్ళీ రాసేవారు. ఒకరు చివరి పీరియడు వద్దంటారు, ఇంకొకరు భోజనం కాగానే క్లాసు వద్దంటారు. మాస్టారిది ఒట్టి మొహమాటం. అందరికీ సరేనని, ఆ వద్దన్నవన్నీ తన నెత్తినే వేసుకునేవారు.

అందుకే బడికి కంప్యూటర్ టైంటేబుల్ వచ్చిన రోజున ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా సెలవు పెడితే, ఆ గంటకి ఖాళీగా ఉన్నవాళ్ళని అదే వెతికి పంపుతుంది. ఒకసారి పంపాక ఇక ఎవరూ మార్చడానికి వీల్లేదని మాస్టారే దానికి కట్టడి పెట్టారు.

"ఇక నన్ను బతిమాలి లాభం లేదండీ. నేను చెప్పినా అది వినదు," అని స్టాఫ్‌రూమ్‌లో తెగ మురిసిపోయారు.

ఇంట్లో భార్య మాత్రం, "మీ మాట విననివాళ్ళం ఇంట్లో చాలలేదనా, బళ్ళో కూడా ఒకదాన్ని పెట్టుకున్నారు?" అంది.

కూతురు చదివేది వేరే బడి. అక్కడ ఏటా నాటకం వేస్తారు, మాస్టారు ఏటా వస్తానంటారు, ఏటా ఏదో ఒక క్లాసు అడ్డం పడుతుంది. ఈసారి ఆ పిల్లది భటుడి వేషం. మొత్తానికి ఒకటే మాట: "ప్రభూ, వాకిట్లో ఎవరో వచ్చి నిలబడ్డారు!" ఇల్లంతా తిరుగుతూ అదే వల్లించింది. చివరికి తల్లితో, "నాన్నకి కుర్చీ పట్టకమ్మా, ఎలాగూ రాడు," అంది.

ఆ మాట మాస్టారి చెవిన పడింది. మర్నాడే బడిలో, కంప్యూటర్ టైంటేబుల్లో నాటకం రోజున తన చివరి పీరియడు ఖాళీ చేసుకుని, దానికి ఆకుపచ్చ రంగు కూడా వేసుకున్నారు.

తీరా ఆ రోజు సైన్సు టీచరుకి జ్వరం. మాస్టారి ఫోను మోగింది: చివరి పీరియడు, ఎనిమిదో తరగతి, మీరే. మార్చబోయారు. 'వీల్లేదు' అంది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే. 'ఎంత గట్టిగా కట్టావురా నాయనా, నిన్ను నువ్వే,' అనుకుని నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

"ఏమైంది మాస్టారూ, మొహం అలా వాడిపోయింది?" అంది డ్రాయింగు టీచరు.

చెప్పారు.

"ఓస్, అంతేనా! మీరు వెళ్ళండి. ఆ క్లాసు నేను చూసుకుంటా."

"అది ఒప్పుకోదండీ."

"దానికెవరు చెప్తారు?"

మాస్టారు తెల్లబోయి చూశారు. మిగతా టీచర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆటల మాస్టారికి నవ్వు ఆగలేదు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ," అంది ఆవిడే. "మేమందరం మొదట్నుంచీ మాలో మేం చెప్పుకుని మార్చుకుంటూనే ఉన్నాం. హెడ్మాస్టరు గారికీ తెలుసు. ఇష్టపడి ఏర్పాటు చేశారు కదా, మీరు బాధపడతారని చెప్పలేదు."

అంటే ఆ టైంటేబుల్ ప్రకారం నడుచుకున్నది బడి మొత్తానికి తానొక్కడేనన్నమాట! చెప్పేది లెక్కల పాఠాలు, ఈ చిన్న లెక్క తేలడానికి ఇంతకాలం పట్టింది. సిగ్గుపడటానికైనా తీరిక లేదు. చొక్కా మీద సుద్దపొడి దులుపుకోకుండానే పరుగెత్తారు.

వెళ్ళేసరికి హాలు నిండిపోయింది. ఆయనకి ఎవరూ కుర్చీ పట్టలేదు. గుమ్మంలోనే రొప్పుతూ నిలబడ్డారు. వేదిక మీద అట్టబల్లెం పట్టుకున్న భటుడు రాజుకి దండం పెట్టి, గుమ్మం వైపు తిరిగి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు. తెర చాటునుంచి ఎవరో మాట అందించారు. వినిపించుకుంటేగా!

"ప్రభూ!" అని అరిచింది పిల్ల. "వాకిట్లో మా నాన్న వచ్చి నిలబడ్డాడు!"

హాలంతా గొల్లుమంది. రాజు కూడా కిరీటం పట్టుకుని నవ్వాడు. నవ్వనిది మాస్టారొక్కరే. ఆయనకి కళ్ళు తుడుచుకోవడంతోనే సరిపోయింది.