బుద్రత్త కాఫీ సంచి, నా బలవంతపు కమాండు

బంగారంలాంటి ప్రింటర్‌ని నా చేత్తో నేనే మూగదాన్ని చేసిన కథ ఇది. మీరు నవ్వుకోండి, పరవాలేదు. ఆ రోజు నాకు మాత్రం ఏడుపే వచ్చింది.

అరకులోయలో కాఫీ రైతుల సంఘం ఆఫీసులో కొత్తగా చేరిన రోజులవి. ఊరు పాచిపెంట, చదువు డిప్లొమా, పొగరు మాత్రం పీహెచ్‌డీ. ఆఫీసులో ఒక లినక్స్ కంప్యూటరు, దానికో లేబుల్ ప్రింటరు ఉండేవి. ఆ మధ్యాహ్నం వ్యాను వచ్చి రుచి పోటీకి పంపే కాఫీ సంచులు వైజాగ్ తీసుకుపోవాలి. పేరు అంటించని సంచిని ఎక్కించుకోరు. అన్నిటికీ లేబుళ్లు అయిపోయాయి, మిగిలింది మా సంఘం రైతు బుద్రత్తది ఒక్కటే. ఇన్నేళ్లూ ఆమె గింజలు షావుకారు సంచుల్లో కలిసిపోయేవి. సొంత పేరుతో కొండ దిగడం అదే మొదలు.

నిజానికి నిమిషం పని. కానీ నా బుద్ధి ఊరుకుంటుందా? లేబుల్ అంచున కాఫీ పువ్వులు వేసే కొత్త ప్యాకేజీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. లినక్స్‌లో ప్యాకేజీ అంటే సాఫ్ట్‌వేర్ మూట అనుకోండి. ఏ ఫైలు ఏ మూటదో కంప్యూటరు రాసి పెట్టుకుంటుంది. నేను కొత్తది ఎక్కించబోతే అడ్డం తిరిగింది.

"ఏటంతంది?" అంది పక్కనే పీటేసుక్కూర్చున్న బుద్రత్త.

"ఇందులో ఉన్న ఒక ఫైలు పాత ప్రింటర్ ప్యాకేజీదట అత్తా. దాని మీద రాయనంటోంది."

"మరయితే అడిగి సెయ్యి."

కాఫీ గింజలు ఎండబెట్టే చోట ఇంటికో వల ఉంటుంది. పక్కింటి వల మీద గుప్పెడు పోయాలన్నా అడిగే పోస్తారు. ఆమె ఆ లెక్కలో చెప్పింది.

"మెషిన్ని ఎవరైనా అడుగుతారా? గదమాయించాలి. బలవంతం చేస్తే ఏమవుతుందో చూద్దాం!"

చూశారా, ఆ ‘చూద్దాం’ అన్న మాటే నా కొంప ముంచింది. ఉన్నదాని మీదే రాసెయ్యమని కమాండు కొట్టాను. కిక్కురుమనకుండా ఎక్కించుకుంది. ప్రింట్ నొక్కితే పువ్వులు బ్రహ్మాండంగా వచ్చాయి. పేరుండాల్సిన చోట మాత్రం తెల్లకాగితం.

"నా పేరేదే గుంటా?"

"వస్తుందత్తా, వస్తుంది!" అంటూ కొత్తదాన్ని పీకేశాను. అంతే, పువ్వులూ పోయాయి. ప్రింటరు ఉలకదు, పలకదు. పాత ప్యాకేజీ ఉన్నట్టే చూపిస్తోంది, పని మాత్రం చెయ్యదు.

బయట హారన్ మోగింది. "అమ్మా, ఘాట్‌లో మంచు కమ్మితే నేను దిగలేను. బేగి రండి!" అని డ్రైవరు కేక.

బుద్రత్త లేచి వెళ్లి, తన సంచిని వ్యాను ముందు చక్రానికి అడ్డంగా పడేసి, దాని మీద కూర్చుంది. "నా సంచి ఎక్కకుండా నీ బండి ఎలా కదులుతాదో సూత్తాను" అంది డ్రైవరుతో. తర్వాత కిటికీలోంచి నన్ను చూసి, "ఏటి సేసినావో మొదట్నుంచీ సెప్పు" అంది.

చెప్పాను. పకపకా నవ్వింది.

"ఓసినీ! నా వల మీద నా గింజలు తీసేసి నీవి పోసినావు. ఇప్పుడు నీవీ ఎత్తేసినావు. ఇంక వలే ఉంది, గింజల్లేవు. నా గింజలు నాకు మళ్లీ పొయ్యి!"

నా డిప్లొమా సిగ్గుతో తలదించుకుంది. పాత ప్యాకేజీ కాపీ కంప్యూటర్లోనే ఉంది. దాన్నే మళ్లీ ఎక్కించాను. పోయిన ఫైలు దాని చోటికి వచ్చింది. ప్రింటరు ఒక్క దగ్గు దగ్గి, పువ్వుల్లేని బోసి లేబుల్ ఇచ్చింది. పేరు మాత్రం నల్లగా, నిండుగా ఉంది.

బయటికి తెచ్చి చూపించాను. బుద్రత్త పేరు మీద వేలు పెట్టి తడిమింది. "ఇదేనా నేను?" అంది.

డ్రైవరు మళ్లీ హారన్ కొట్టాడు. ఆమె చేతిలోంచి లేబుల్ లాక్కుని, వ్యానెక్కి, ఎదురుగా ఉన్న సంచికి గట్టిగా అంటించేశాను.

"గుంటా! నేను నా సంచి మీదే కూకున్నానే! అదెవురిదో అడిగినావా?"

అది గుండన్న అనే ఇంకో రైతుది. అతని లేబుల్ మీదే బుద్రత్తది అంటించాను. కంగారుగా పీకితే గుండన్న పేరూ దాంతోపాటే ఊడొచ్చింది.

రెండు లేబుళ్లూ మళ్లీ ప్రింట్ చేసి, ఏ సంచి ఎవరిదో అడిగి మరీ అంటించాను. మంచుకంటే ముందే వ్యాను కొండ దిగింది, బుద్రత్త పేరు కూడా దిగింది.

ఆ రోజే కాఫీ కప్పు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: ఇది ఇంకొకరిది అని మెషిన్ చెప్పినా, మనిషి చెప్పినా, బలవంతపు కమాండు జోలికి పోను. ఇప్పటికీ ఏదైనా ఎక్కించే ముందు "ఇదెవరిది?" అని పైకే అడుగుతాను. ఆఫీసులో అంతా నన్ను వింతగా చూస్తారు. బుద్రత్త ఒక్కతే "అలాగడుగు" అంటుంది.