ఏడో పెనం

అనకాపల్లి పక్కన త్రినాధరావుగారి బెల్లం గానుగ దగ్గర పొయ్యి మండించేది కాసులమ్మ. పొద్దున్నే అగ్నిదేవుడికి దండం పెట్టి, బాగా ఎండిన చెరకు పిప్పిని పిడికెడు పిడికెడుగా అందిస్తుంది. మంట ఒక్క క్షణం తగ్గదు. పెనాలకు చెరకు రసం మోసేది తోటి కూలి తల్లమ్మ. ఆమె వచ్చాక, రోజుకు నాలుగు పెనాల బెల్లం దిగేచోట ఆరు దిగుతున్నాయి! "పెనాలు పెరిగేయి, మరి కూలెందుకు పెరగదు బాబూ?" అని ఒకనాడు అడిగేసింది. "మండింది నా పిప్పి కదేటే!" అని నవ్వాడాయన. "మండించింది నా సెయ్యి. రేపు ఇంకోల్ని కూకోబెట్టి సూడండి."

ఆయన నిజంగానే చూశాడు. ఎంత పిప్పి తోసినా నాలుగు పెనాలే దిగాయి. మర్నాడు తెల్లారకముందే తనే ఆమె గుమ్మంలోకి వచ్చి, "రోజుకి ఇంకో రెండణాలిత్తాను, రాయే తల్లీ" అన్నాడు. "నాకొక్కదానికేటి? ఆరు పెనాలకీ రసం మోసింది తల్లమ్మ కాదా?" "దానికీ ఇత్తాను, పద పద!" ఆ సాయంత్రం కూలీల సంతోషపు కేకల మధ్య ఏడో పెనం దిగింది. తొలి ముక్క దేవుడికి పెట్టి, రెండోది త్రినాధరావుగారి చేతిలో పెట్టింది కాసులమ్మ.