లేనివాళ్ళ కంచం

సాయమ్మ బైబిల్లో పదకొండేళ్ళుగా ఒక చీటీ ఉంది. మడతల దగ్గర గుడ్డలా మెత్తబడిపోయింది. దాని మీద ఒకటే పేరు, నర్సయ్య. ఆదివారం ప్రార్థన చీటీల డబ్బా తన వరసకు వచ్చేసరికి ఆమె దాన్ని బయటికి తీసేది. డబ్బా పక్కవాళ్ళ చేతికి పోయేదాకా వేళ్ళ మధ్య నలిపి, మళ్ళీ పేజీల్లో పెట్టుకునేది. వాళ్ళ సంఘంలో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించరు. వాళ్ళు దేవుడి చేతికి చేరారు, మనం నడుమ పోకూడదంటారు. మొగుడు బతికుంటే చీటీ వేయకపోవడం పాపం, పోయుంటే వేయడం తప్పు. ఉన్నాడో పోయాడో సాయమ్మకు తెలియదు.

నర్సయ్య బావులు తవ్వేవాడు. తొంభై రెండు ఎండాకాలంలో, రావల్కోల్‌లోని ఇంట్లో మధ్యాహ్నం అన్నం తింటుంటే రోడ్డు మీంచి ఎవరో పిలిచారు. "వస్తున్న" అని లేచాడు. చివరి ముద్ద కంచం అంచుకు జరిపి, చెయ్యి కడుక్కుని వెళ్ళాడు. పనికి పోయేటప్పుడల్లా అలా ఒక ముద్ద వదిలేవాడు. సాయంత్రం వచ్చి ముందు అదే తినేవాడు. ఎందుకయ్యా అంటే నవ్వేవాడు. ఆ రోజు సాయమ్మ దాని మీద ఇంకో కంచం బోర్లించింది. మనిషి రాలేదు. తెల్లారి చీమలు పట్టి ఉంటే ముద్దను కోళ్ళకు వేసింది. ఆ తర్వాత కూడా రాలేదు. ఇంకో సంసారం పెట్టుకున్నాడన్నారు కొందరు. బొట్టు లేని మతం కాబట్టి బతికాను, లేకుంటే ఉంచాలో తీయాలో అదో పరేషాన్ అయ్యేదని తనే నవ్వేసేది. తర్వాత శామీర్‌పేట వైపు మామిడితోటలో సంఘంవాళ్ళు కట్టిన ప్రార్థన గృహంలో వంటకు కుదిరింది.

రెండువేల మూడు, ఈస్టరుకు ముందు శ్రమకాలంలో స్టీఫెన్ పాస్టరు నాగారం నుంచి పన్నెండు మందిని తీసుకొచ్చాడు. మూడు రోజుల రిట్రీట్. ఆదిమ సంఘం ఎలా ప్రార్థించిందో నేర్చుకోవడానికట. మాటలుండవు. ఒకరి మొహం ఒకరు చూడరు. ఊపిరి పీలుస్తూ ప్రభువు పేరు, వదులుతూ నన్ను కరుణించు, అంతే. వంటింట్లో కూడా మౌనమే అనేసరికి, కూరగాయలు తరిగే ఇందిరమ్మ నోరు నొక్కుకుంది.

"ఇగ నువ్వెట్ల బతుకుతవక్కా?"

"నా సంగతి ఇడిసిపెట్టు. నీ నోరు గుడాల లెక్క ఉడుకుతనే ఉంటది, నువ్వు చూసుకో."

మౌనం మొదలయ్యే ముందు పాస్టరు ఇంకో సంగతి చెప్పాడు. తొలినాటి విశ్వాసులు కలిసి రొట్టె తిన్నప్పుడు, రాలేనివాళ్ళ వంతు పక్కకు తీసి పరిచారకులతో పంపేవాళ్ళట. మనమూ చాప చివర లేనివాళ్ళకు ఒక కంచం పెడదాం, భోజనం అయ్యాక సాయమ్మ దాన్ని తోట వెనక గుడిసెలో ఉండే ముసలి బాలమణికి ఇచ్చొస్తుందన్నాడు.

మొదటి రోజు మధ్యాహ్నం అందరూ గోడవైపు తిరిగి తిన్నారు. వాళ్ళు లేచి వెళ్ళాక సాయమ్మ వరండాలోకి వచ్చింది. చాప చివరి కంచం ఖాళీగా ఉంది. పప్పూ లేదు, సొరకాయ కూరా లేదు. అంచున ఎడమ పక్కకు జరిపిన ముద్ద ఒకటి ఉంది, నాలుగు వేళ్ళ గుర్తులతో.

ఆమె కంచం దగ్గరికి వంగి చూసింది. కుక్క అలా తినదు. ఇంకెవరూ అలా తినరు. బాలమణికి వేరే అన్నం పెట్టి ఇచ్చింది గానీ, దారంతా వెనక ఎవరో నడుస్తున్నట్టే ఉంది. ఆగితే ఆ అడుగులూ ఆగుతున్నాయి.

రెండో రోజూ అంతే. అదే అంచు, అదే ముద్ద. అడుగుదామంటే నోరు విప్పకూడదు. కాగితం మీద రాసి పాస్టరుకు చూపించింది. ఆయన చదివి, కిందే జవాబు రాశాడు. "లేనివాళ్ళ కంచం. ఎవరు తింటే వాళ్ళదే." మంచిమాటే, కానీ సాయమ్మ దాన్ని రెండోసారి చదవలేదు.

మూడో రోజు వడ్డించి ఆమె వంటింటికి పోలేదు. తలుపు వెనక నిలబడింది. ఎండ తెల్లగా కాస్తోంది, తోటలో ఆకు కదలడం లేదు. భోజనానికి ముందు పన్నెండు మందీ ఒక్కసారే ఊపిరి పీల్చి, ఒక్కసారే వదులుతున్నారు. ఇల్లే ఊపిరి తీస్తున్నట్టుంది. ఆమె వీపులు చూసింది. కొసన స్తంభం నీడలో ఇంకొక వీపు ఉంది. వంగిన భుజాలు. బనీను మీద ఎర్రమట్టి. అది బావి అడుగున ఉండే మట్టి. ఎన్నేళ్ళు ఉతికిందో ఆమెకే తెలుసు.

పిలిస్తే తిరుగుతాడు. తిరిగితే తెలిసిపోతుంది. సాయమ్మ పిలవలేదు. అందరూ తిని లేచిపోయారు. ఆ మనిషి చివరి ముద్దను అంచుకు జరిపాడు. అప్పుడు తల తిప్పాడు.

గండయ్య. నాలుగు నెలల కింద తోటకు కావలి కుదిరినవాడు. తోట బావిలో పూడిక తీసేదీ అతనే. ఇన్నాళ్ళూ ఆమె ఎదురైతే తల దించుకుని పోయేవాడే.

సాయమ్మకు ఊపిరి వచ్చింది. వెంటనే కోపం వచ్చింది. కంచం చూపించి, మౌనం సంగతే మరిచిపోయి అడిగింది.

"ఆ ముద్ద గట్ల ఎందుకు పెట్టినవ్?"

గండయ్య ఎంగిలి చెయ్యి చూసుకున్నాడు. "నర్సన్న నేర్పిండు వదినె. బాయిల దిగేటోడు ఒక ముద్ద పైన ఇడిసిపెట్టాలె. దాని కోసమన్న మళ్ళ పైకొస్తమని."

ఇక్కడ ఆమెను ఎవరూ వదినె అనరు. మిగతాది అతను నేలను చూస్తూ చెప్పాడు. ఆ రోజు రోడ్డు మీంచి పిలిచింది తనే. గాజులరామారం వైపు ఎవరిదో ప్లాటులో బావి. నర్సన్న అడుగున ఉండగా ఒక పక్క కూలింది. పని పట్టిన మేస్త్రి పైనుంచి ఇంకింత మట్టి పోయించి, నోరు విప్పితే మీరూ అందులోనే అని తక్కినవాళ్ళను తరిమేశాడు. ఇప్పుడు దాని మీద ఇండ్లు లేచాయి. ఆమె ఎవరో ఇక్కడ చేరిన వారానికే తెలిసింది. చెప్పాలని రోజూ అనుకున్నాడు.

"లేనోళ్ళ కంచం అన్నరు గదా. ఆయన పేరు మీద తిన్న. తింటెనన్న నోరొస్తదని."

సాయమ్మ ఏడవలేదు. కోళ్ళకు వేసిన ముద్ద ఒక్కటే కళ్ళ ముందు తిరిగింది. ఆ తర్వాత పైకి రావడానికి నర్సయ్యకు ఏమీ మిగల్లేదు.

సాయంత్రం మౌనం విడిచే ముందు పాస్టరు పేర్లు చదవాలి. ఒక్కో పేరుకు అందరూ ఒక ఊపిరి తీసి వదలడం పద్ధతి. సాయమ్మ బైబిల్లోంచి చీటీ తీసి ఆయన ముందుకు వెళ్ళింది. గండయ్య చెప్పిందంతా చెప్పి, మెల్లగా అడిగింది.

"పోయినోళ్ళ పేరు చదువొచ్చునా అయ్యగారూ?"

మనవాళ్ళు చదవరు, తెలిస్తే నన్ను నిలదీస్తారన్నాడు పాస్టరు. కానీ తొలి రోజుల్లో ఉన్నవాళ్ళనూ పోయినవాళ్ళనూ ఒకే వరసలో పిలిచేవాళ్ళన్నాడు. చీటీ తీసుకుని తన కాగితాల మధ్య పెట్టుకున్నాడు.

పేర్లు ఒకటొకటిగా నడిచాయి. తర్వాత "నర్సయ్య" అన్నాడు.

ఇల్లంతా ఊపిరి పీల్చింది, వదిలింది.

అప్పుడు ఇంకొక ఊపిరి వినబడింది. ఆలస్యంగా, బరువుగా, లోతులోంచి తాడు పట్టుకుని ఎక్కి ఎవరో అంచు మీద చెయ్యి వేసినప్పుడు వచ్చే ఊపిరి. వరండా వైపునుంచి. తలుపు దగ్గర నిలబడ్డ గండయ్యకూ వినబడింది. వెనక్కి తిరగబోయాడు. వద్దని సాయమ్మ కళ్ళతోనే చెప్పింది. ఆమె కూడా తిరగలేదు.

అందరూ మాటల్లో పడ్డాక ఇందిరమ్మ గిన్నెలు తోమడానికి వరండాలోకి వెళ్ళింది. చాప చివర మధ్యాహ్నపు కంచం, దాని మీద బోర్లించిన ఇంకో కంచం కనబడి వంగింది.

సాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి. ఇప్పుడే పైకొచ్చిండు. తిననియ్యి."