అక్కకు ఇవ్వని డబ్బా

అక్క పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను అనుమసముద్రంపేట దర్గా దగ్గర నా చిన్న అంగడి తెరుస్తున్నాను. నెల్లూరు ఆసుపత్రిలో చేర్చిన నాలుగో రోజే పోయింది. టీబీ, బాగా ముదిరిపోయిందన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. తోడబుట్టింది కాకపోయినా ఆమె పల్లెలో అందరికీ అక్కే, మా ఆశా కార్యకర్త. ఎంతమందికో ఆ జబ్బు నయమయ్యేదాకా వెంటపడిన మనిషి. వాళ్ళలో నేనొకణ్ణి.

నాకు టీబీ అని తేలిన రోజున మా అమ్మ నా కంచం, గ్లాసు వేరుగా పెట్టేసింది. ఇరుగుపొరుగు మా వాకిట్లో అడుగుపెట్టడం మానేశారు. అక్క మర్నాడే పొదుపు సంఘం మీటింగు మా వసారాలో పెట్టించింది. అమ్మ చేత టీ కాయించి, వేరుగా పెట్టిన నా గ్లాసే అడిగి తీసుకుని తాగింది. "గ్లాసులో రాదమ్మే ఈ జబ్బు. దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోని, మాత్రలు మింగితే చాలు" అంది. మిగతా ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని గ్లాసులు అందుకున్నారు.

రెండు నెలలకు ఒళ్ళు కుదుటపడగానే నాకు పొగరెక్కింది. ఆమె ఇచ్చిన మాత్రలు నోట్లో దాచి, వెళ్ళగానే ఉమ్మేసేవాణ్ణి. ఎలా కనిపెట్టిందో, ఒక పొద్దున మా గడపలో చతికిలబడింది. "నువ్వు మింగి నోరు తెరిచి చూపించిందాకా నేను లేచేది లేదు అబ్బయా. మీ బావ ఇంటికాడ పస్తుంటే ఆ పాపం నీదే" అంది. మధ్యాహ్నం దాకా మొండికేశాను. ఆమె అక్కడే కూర్చుని అమ్మకు చింతపండు గింజలు తీసిపెట్టింది. చివరికి సిగ్గుపడి మింగాను.

బాగయ్యాక నన్ను తన వెంట వేసుకుంది. తగ్గకుండా దగ్గుతున్న వాళ్ళకు కళ్లె పరీక్షకు చిన్న డబ్బాలు ఇచ్చి, మర్నాడు తీసుకుని, ఉదయగిరి నుంచి వచ్చే బస్సులో ఆత్మకూరు ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. "సంచిలో ఏందక్కా?" అని కండక్టరు అడిగితే, "ఊరగాయ. రుచి చూస్తావా?" అనేది మొహం మారకుండా. నేను కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకునేవాణ్ణి. "జబ్బు పేరు గట్టిగా చెప్పాల. జబ్బుండే మనిషి పేరు కడుపులో పెట్టుకోవాల" అనేది. హెచ్ఐవీ మందుల కోసం ఆమె తోడు వెళ్ళింది ఎవరికో ఇన్నేళ్ళలో నాకు కూడా తెలియనివ్వలేదు.

పోయిన ఎండాకాలమంతా అక్క దగ్గింది. నేను పక్కనే ఉన్నాను. అడిగితే "గొర్రెల దొడ్లో దుమ్ములేరా" అంది. నేను నమ్మాను. నమ్మడమేమిటి, అసలు ఆలోచించనేలేదు. ఆ రోజుల్లోనే ఇద్దరం పల్లెంతా తిరిగి డబ్బాలు ఇచ్చాం. ఆమె ఇంటి దగ్గర మంచినీళ్ళకు ఆగాం కూడా. సంచి నా భుజానే ఉంది. మాత్రలు మింగించే మనిషికి జబ్బేమిటని మా అందరిలో ఏదో మొద్దు ధీమా. చిక్కిపోతుంటే ఎండల్లో తిరుగుడు అనుకున్నాం. ఎవరు కాదన్నా ఈ తప్పు నాదే.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే నేనొక్కణ్ణే ఆమె ఇంటికి వెళ్ళాను. ఇంట్లో ఉన్నవాళ్ళకు పరీక్ష చేయించాలి కదా. బావ ఒక్కడే ఉన్నాడు. డబ్బా చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇట్టాంటిది మీ అక్కకు ఒకటి ఇచ్చింటే సరిపోయేది గదరా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆయనే లేచి పెరట్లోకి నడిచాడు. "ఎంగిలి పనికిరాదంట గదా, లోపల్నించి రావాలంట. అందరికీ చెప్తా ఉండె" అని, గుండెనిండా గాలి పీల్చి దగ్గాడు. ఏమీ రాలేదు. మళ్ళీ పీల్చి దగ్గాడు. డబ్బా నోటి దగ్గరే పట్టుకుని, కళ్ళు తుడుచుకోకుండా, మళ్ళీ దగ్గాడు.