ఇప్పచెట్టు కింద ఈడీ పాఠం

భద్రాచలం బస్టాండులో ఒకామె గంపలో ఎండు ఇప్పపువ్వు అమ్ముతోంది. ఆ తీపి వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. ములకలపల్లి అవతలి మన అడవి ఊరి బడిలో, ఏడో తరగతిలో ఇంగ్లిషు చెప్పిన టీచరమ్మ గుర్తుందా మీకు, నేస్తాలూ?

ఇప్పపువ్వు తెల్లవారుతుండగా రాలుతుంది, పశువులు తినకముందే ఏరాలి. అందుకే పరీక్షల ముందు మనకు రోజూ ఆలస్యం, రోజూ హెడ్మాస్టరు బెత్తం. "ఏంది పిల్లా గీ వాతలు?" అని నా చెయ్యి చూసి అడిగిన టీచరమ్మ, మర్నాడు పొద్దున్నే చెట్టు కిందికే వచ్చింది. మనతోపాటు వంగి ఏరుతూ, భూతకాలం పాఠం అందుకుని, "స్టాప్‌కు ఈడీ పెడితే?" అంది.

"డబుల్ పీ!" అని అరుస్తూ రెండేసి పువ్వులు గంపలో వేశాం.

"మరి క్రై?"

"వై పోయి ఐ వస్తది టీచర్!"

బడికి చేరేసరికి గంట కొట్టేశారు. హెడ్మాస్టరు బెత్తం పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

"నాకే లేటయింది సార్. పిల్లలు నాకోసం ఆగిన్రు" అంది టీచరమ్మ.

ఆయన గుమ్మం పక్క బల్ల మీది హాజరు రిజిస్టరు ఆమె వైపు తోశాడు. ఆమె సంతకం పెట్టి చెయ్యి తీయబోతే, ఇప్పపువ్వు జిగురుకు కాగితం వేళ్లకు అతుక్కుని లేచింది.

ఆయన ఆ వేళ్లను, మన వేళ్లను చూశాడు. బెత్తం గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయాడు.