చలికి మాడిన సుబాబుల్

పెళ్లయి ఉట్నూర్ దగ్గరి పల్లెకు వచ్చేదాకా నాకు చలంటే ఏమిటో తెలియదు. మంథనిలో పుట్టి పెరిగినదాన్ని. ఇక్కడ పుష్యమాసంలో పొద్దెక్కినా వేళ్లు కొంకర్లు పోతాయి.

మా ఆయన దుబాయి వెళ్లిన ఏడు నేనొక బర్రెను కొనుక్కున్నాను. దాని మేత కోసం వాగు పక్కన మా పల్లపు చేని గట్ల మీద సుబాబుల్ విత్తనాలు పెట్టాను. వానలు వెనకబట్టేసరికి మొక్కలు నడుమెత్తు పెరిగాయి. రెమ్మలు కోసి వరిగడ్డిలో కలిపి వేస్తే, బర్రె గడ్డిని మూతితో నెట్టేసి ముందు ఆకే ఏరుకు తినేది. చలి మొదలయ్యాక ఈనింది. ఇంట్లో పాలకు కొదవ లేదనుకున్నాను.

ఒక పొద్దున కొడవలి పట్టుకుని వెళ్తే ఆకుల మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుని ఉంది. మధ్యాహ్నానికల్లా ఆకంతా నల్లబడి వేలాడింది. గట్టు మీదే కూలబడి ఏడ్చాను. ఉత్త గడ్డి తిని బర్రె పాలు తగ్గించింది. ఫోన్‌లో చెప్తే మా ఆయన, "పీకి పారెయ్యి. వచ్చే ఏడు కంది పెడ్దాం" అన్నాడు.

గడ్డపార తీసుకుని బయలుదేరాను. పక్క చేను పెద్దమ్మ ఎదురైంది. ఒంటరి మనిషి, మేకలే ఆమె సంసారం. ఆమె చేను ఎత్తు మీద ఉంటుంది. అక్కడి సుబాబుల్ పచ్చగానే ఉంది.

"యాడికి బిడ్డా, గడ్డపార పట్టుకోని?"

"అన్నీ సచ్చిపోయినయి పెద్దమ్మా. పీకేస్త."

ఆమె వచ్చి ఒక కాండాన్ని గోటితో గీకింది. లోపల పచ్చగా ఉంది.

"ఆకు మాడింది గని చెట్టు సావలే. పల్లంల చలి గట్లనే కూసుంటది. మోకాలెత్తుకు కోసి ఇడువు. చిగురు పెట్టేదాంక నా చేన్ల కోసుకపో."

"మరి నీ మేకలకు?"

"వాటికి అడివున్నది. నీ బర్రెకేమున్నది? జర ఫికర్ జేయకు."

చలికాలమంతా ఆమె చేనే మా బర్రెను సాకింది. మేకల్ని గుట్ట అవతలిదాకా తోలుకెళ్తోందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

శివరాత్రి వెళ్లాక మోడుల నిండా చిగుళ్లొచ్చాయి. తొలకరికి చేని ఎత్తు వైపున ఇంకో వరస పెట్టాను. పల్లంలోని లేత మొక్కలకు ఇప్పుడు చలి ముదరకముందే చొప్ప కప్పుతాను.

మా ఆయన సెలవుకు వస్తూ మెత్తటి దుప్పటి ఒకటి తెచ్చాడు. దాన్ని పెద్దమ్మకు ఇచ్చాను. "గింత మంచిది నాకెందుకే" అంటూనే చెంపకు ఆనించుకుంది. మర్నాడు వెళ్లి చూస్తే అప్పుడే పుట్టిన రెండు మేకపిల్లలు ఆ దుప్పట్లో వెచ్చగా పడుకుని ఉన్నాయి. పెద్దమ్మ తన పాత గొంగడే కప్పుకుని, వాటి పక్కన కూర్చుని నవ్వుతోంది.