బొటనవేళ్ళకు దారం

నేను కాకినాడలో ఎమర్జెన్సీ డాక్టరుగా చేరిన కొత్తలో, ఒక ఉదయం కట్లపాము కరిచిన రొయ్యల చెరువు కాపలాదారు సత్తిబాబును తెచ్చారు. ఊపిరి ఆగింది, టార్చి వేసినా కంటిపాప కదల్లేదు. వెంటిలేటర్ పెట్టి, విరుగుడు ఎక్కిస్తూనే, "లాభం లేదు సిస్టర్" అనేశాను. అది విన్న అతని మేనత్త ఏడుస్తూ, శవానికి కట్టినట్టే అతని కాలి బొటనవేళ్ళు దారంతో కట్టేసింది. విషాల వైద్యం తెలిసిన మా మేడం వచ్చి ఆ దారం కత్తిరించారు. "కట్లపాము విషం కంటిపాపల్నీ కదలనివ్వదు. మెషిన్ తియ్యకు" అన్నారు నాతో.

నాలుగో రోజు గొట్టం తీశాక, "ఎలా ఉంది సత్తిబాబూ?" అన్నాను.

అతను కళ్ళు తెరవకుండానే, "లాభం లేదన్నది ఈ గొంతేనండి. అత్త దారం బిగిస్తుంటే, నోరు కదలకపోయినా లోపల్లోపల ఇప్పమని అరుస్తానే ఉన్నానండి" అన్నాడు.

ఇప్పుడు స్పృహ లేని ఎవరిని ముట్టుకోబోయినా ముందు నా పేరు చెబుతాను. జవాబు రాదు. విన్నారనే అనుకుంటాను.